మ్యాక్ మొరాయిస్తే: విశాఖ బయల్దేరే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, విజయనగరం నుంచి 60. చార్జింగ్ ఎక్కడం లేదనో, జాగా నిండిపోయిందనో, ఆన్ కావడం లేదనో ఆపిల్ కంప్యూటర్ మ్యాక్‌ని సంచిలో పెట్టుకుని విశాఖ సర్వీసు సెంటర్‌కి బస్సెక్కితే ఒక రోజు పని పోయినట్టే. తీరా వెళ్లాక కేబుల్ మారిస్తేనో, ఒక సెట్టింగ్ మారిస్తేనో పోయే తంటా అని తేలితే మరీ బాధ. ఆ తేల్చుకోవడమేదో ముందే ఇంట్లో చేసుకోవచ్చు. కావాల్సిందల్లా ఏది ముందు చూడాలి, ఏది తరవాత చూడాలి అన్న వరస.

అన్నిటికన్నా ముందు మీ మ్యాక్ ఏ రకమో తెలియాలి. ఎడమవైపు పై మూలన ఆపిల్ గుర్తు నొక్కి ‘ఎబౌట్ దిస్ మ్యాక్’ తెరవండి. అక్కడ ‘చిప్’ అని ఉండి ఎం1, ఎం2 లాంటి పేరు కనిపిస్తే అది 2020 నవంబరు తరవాత వచ్చిన ఆపిల్ చిప్ రకం. ‘ప్రాసెసర్’ అని ఉండి ఇంటెల్ పేరు కనిపిస్తే పాత రకం. యూట్యూబులో దొరికే చాలా చిట్కాలు పాత రకానికి చెప్పినవి. ఎస్‌ఎంసీ (కరెంటు, ఫ్యాన్లు చూసుకునే చిన్న చిప్) రీసెట్, ఆప్షన్-కమాండ్-పి-ఆర్ నొక్కి ఎన్‌వీర్యామ్ (కొన్ని సెట్టింగులు దాచుకునే చిన్న మెమరీ) చెరపడం లాంటివి ఇంటెల్ మ్యాకులకే పనిచేస్తాయి. ఆపిల్ చిప్ ఉన్నవాటిలో ఆ మీటలు ఎంతసేపు పట్టుకున్నా ఏమీ జరగదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, అర నిమిషం ఆగి మళ్లీ ఆన్ చేయడమే వాటికి రీసెట్.

కరెంటు, చార్జింగ్

మన దగ్గర వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే, అందుకే కొంచెం నిదానంగా చూద్దాం. చార్జర్ పెట్టి, ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని ఆపిల్ మెనూ తెరిస్తే ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ వస్తుంది. ఎడమవైపు వరసలో ‘పవర్’ నొక్కి కిందకి వెళ్తే చార్జర్ ఎన్ని వాట్లు ఇస్తోందో చూపిస్తుంది. 67 వాట్ల అడాప్టర్ పెట్టి 20 కనిపిస్తుంటే కేబులో, మధ్యలో ఉన్న హబ్బో తినేస్తోందన్నమాట. ఏమీ కనిపించకపోతే ముందు సాకెట్ మార్చండి, తరవాత కేబుల్, చివర్లో అడాప్టర్. మూడూ ఒకేసారి మార్చకండి, తప్పు దేనిదో తేలదు. బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటే చార్జర్ పెట్టాక కొన్ని నిమిషాలదాకా తెర నల్లగానే ఉండొచ్చు. అరగంట వదిలేసి చూడండి.

అదే పేజీలో ‘సైకిల్ కౌంట్’, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు పూర్తిగా వాడి నింపారో ఆ లెక్క, ఉంటుంది. ఇప్పటి మ్యాక్‌బుక్‌ల బ్యాటరీని 1000 సైకిళ్లకి లెక్కేసి చేస్తారు. మూడొందలు దాటిందని కంగారు పడక్కర్లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ ‘సర్వీస్ రికమండెడ్’ అంటే అప్పుడు మార్చే ఆలోచన చేయండి. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోవడం చాలాసార్లు లోపం కాదు. బ్యాటరీ ఆయుష్షు కోసం మ్యాకే ఆపుతుంది. వెంటనే నిండా కావాలంటే పైన బ్యాటరీ గుర్తు నొక్కి ‘చార్జ్ టు ఫుల్ నౌ’ ఎంచుకోండి.

చార్జింగ్‌లో ఉండగా మూత మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? ట్రాక్‌ప్యాడ్ మీద బాణం తనంతట తానే గెంతుతోందా? మ్యాక్ పాడవలేదు, ఎర్త్ లేదు. అడాప్టర్‌కి తగిలించే చిన్న రెండు పిన్నుల ముక్కకి ఎర్త్ పిన్ను ఉండదు. విడిగా అమ్మే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి, ఎర్త్ నిజంగా ఉన్న సాకెట్‌లో గుచ్చితే ఆ రెండూ పోతాయి. పాత ఇళ్లలో మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో టెస్టర్ పెట్టించి చూడటం మంచిది.

మ్యాక్ మినీ, ఐమ్యాక్ వాడే డీటీపీ సెంటర్లు, స్టూడియోల వాళ్లు ఇన్వర్టర్‌ని మాత్రమే నమ్ముకోవద్దు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో మిషన్ ఆరిపోవచ్చు. సైన్‌వేవ్ రకం ఇన్వర్టర్‌తో పాటు మిషన్‌కి ఒక చిన్న యూపీఎస్ ఉండాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘ఎనర్జీ’ పేజీలో కరెంటు వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యే ఎంపిక ఉంటుంది. కరెంటు వచ్చీపోయే ఊళ్లలో దాన్ని ఆపేసి ఉంచడమే మేలు. కరెంటు నిలబడ్డాక మనమే ఆన్ చేసుకోవచ్చు.

బ్యాకప్, అదీ అక్టోబరుకి ముందే

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు క్లౌడ్‌లో ఉన్న ఫైళ్లు ఉన్నా లేనట్టే. మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ ఏర్పాటు టైమ్ మెషీన్ కోసం ఒక బయటి డిస్కు కొనండి. మ్యాక్‌లో 256 జీబీ ఉంటే కనీసం 512 జీబీ, అంటే రెట్టింపు. డిస్కు గుచ్చి సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, టైమ్ మెషీన్‌లో దాన్ని చేర్చండి. అందులో ఏమైనా ఉంటే చెరిపేస్తుంది, ముందే తీసి పెట్టుకోండి. మొదటి బ్యాకప్‌కి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడం మంచిది. తరవాతవి మారిన ఫైళ్లనే తీసుకుంటాయి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు చివరి బ్యాకప్ తీసి, డిస్కుని జిప్ కవర్లో పెట్టి మ్యాక్ ఉన్న చోట కాకుండా మరో ఇంట్లో, మేడ మీద ఉంచండి.

కింద చెప్పే ఏ మరమ్మతుకైనా బ్యాకప్ తరవాతే చెయ్యి పెట్టండి.

జాగా నిండిపోతే

సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, స్టోరేజ్ తెరిచి, రంగుల గీత నింపుకునేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ‘సిస్టమ్ డేటా’ అని వంద జీబీ చూపించగానే బెదిరిపోయి క్లీనర్ యాప్ కొనకండి. అందులో ఉండేవి చాలావరకు మనం గుర్తుపట్టగలిగినవే.

మొదటిది, టైమ్ మెషీన్ మ్యాక్‌లోనే దాచుకునే స్నాప్‌షాట్లు, అంటే అప్పటి ఫైళ్ల నకళ్లు. ఇవి ఒక రోజు పాటు ఉంటాయి. అందుకే పెద్ద వీడియో చెరిపి ట్రాష్ ఖాళీ చేసినా జాగా వెంటనే రాదు, మర్నాటికి వస్తుంది. తొందరగా కావాలంటే డిస్కుల సంగతి చూసే డిస్క్ యుటిలిటీ యాప్‌లో ‘డేటా’ అనే వాల్యూమ్ (డిస్కులో ఒక భాగం) ఎంచుకుని, వ్యూ మెనూలో ‘షో ఏపీఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్స్’ నొక్కి, కింద వచ్చే వరసలోంచి చెరపొచ్చు. రెండోది, ఐఫోన్ బ్యాకప్‌లు. స్టోరేజ్ పేజీలోనే ‘ఐఓఎస్ ఫైల్స్’ అని ఉంటాయి. అమ్మేసిన పాత ఫోన్ల బ్యాకప్‌లు అక్కడ ఏళ్ల తరబడి పడి ఉంటాయి. మూడోది, ప్రతి యాప్ దాచుకునే సామాను. ఫైళ్లు చూసే ఫైండర్‌లో ‘గో’ మెనూ తెరిచి ఆప్షన్ నొక్కితే ‘లైబ్రరీ’ కనిపిస్తుంది. అందులో ‘కాషెస్’ లోపలివి యాప్‌లు మూసి చెరపొచ్చు. ‘అప్లికేషన్ సపోర్ట్’ మాత్రం తెలియకుండా ముట్టుకోవద్దు, మీ మెయిళ్లు, చాట్లు, ప్రాజెక్టులు అందులో ఉండొచ్చు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల జాగా తినేది ఎక్కువగా ఎడిటింగ్ యాప్ ఫైనల్ కట్. లైబ్రరీ ఎంచుకుని ఫైల్ మెనూలో ‘డిలీట్ జనరేటెడ్ లైబ్రరీ ఫైల్స్’ నొక్కండి. రెండర్ ఫైళ్లు, ఆప్టిమైజ్డ్ మీడియా, ప్రాక్సీ మీడియా మూడూ తీసేయొచ్చు. అసలు షూటింగ్ క్లిప్పులకి ఏమీ కాదు, కావాలంటే మళ్లీ తయారవుతాయి. అప్పగించేసిన పెళ్లిళ్ల లైబ్రరీలన్నిటికీ ఇది చేస్తే వచ్చే జాగా చూసి ఆశ్చర్యపోతారు.

20 జీబీ కన్నా తక్కువ ఖాళీ ఉంటే మ్యాక్‌ఓఎస్ కొత్త వెర్షన్ జోలికి వెళ్లకండి. జాగా చాలకపోతే అప్‌గ్రేడ్ సగంలో ఆగిపోవచ్చు.

నెమ్మదిస్తే, వేడెక్కితే

బిగుసుకుపోయిన ఒక్క యాప్‌ని మూయడానికి ఆప్షన్-కమాండ్-ఎస్కేప్. మొత్తం నెమ్మదిగా ఉంటే ‘యాక్టివిటీ మానిటర్’ తెరిచి మెమరీ ట్యాబ్‌లో కింద ఉన్న గ్రాఫ్ రంగు చూడండి. ఆకుపచ్చగా ఉంటే మెమరీ సరిపోతున్నట్టే, అంకె ఎంత పెద్దదైనా. పసుపు, ఎరుపు వస్తే బ్రౌజర్ ట్యాబులు తగ్గించాలి.

సీపీయూ ట్యాబ్‌లో ‘కెర్నల్ టాస్క్’ పైన కూర్చుంటే దాన్ని ఆపాలని చూడకండి. వేడి తగ్గించడానికి మిగతా పనుల్ని అది కావాలనే వెనక్కి పెడుతోంది. మ్యాక్‌బుక్‌లు 10 నుంచి 35 డిగ్రీల మధ్య గదిలో వాడటానికి చేసినవి. మే నెలలో మన గదులు ఆ గీత దాటేస్తాయి. మంచం మీద, దుప్పటి మీద పెట్టకుండా గట్టి బల్ల మీద పెట్టి, ఫ్యాన్ గాలి తగిలేలా చూడండి. ఎయిర్ మోడళ్లలో ఎం1 నుంచి లోపల ఫ్యానే లేదు, వాటికి ఇది మరీ ముఖ్యం.

‘ఎండీఎస్ స్టోర్స్’, ‘ఎండీవర్కర్’ అనేవి పైన కనిపిస్తే మ్యాక్‌లో ఫైళ్లు వెతికిపెట్టే స్పాట్‌లైట్ తన పట్టిక రాసుకుంటోంది. అప్‌డేట్ అయిన మొదటి రోజు ఇది మామూలే. చార్జర్ పెట్టి రాత్రంతా వదిలేయండి.

ఒక హెచ్చరిక. ‘మీ మ్యాక్ నెమ్మదించింది, ఈ లైను టెర్మినల్‌లో పేస్ట్ చేయండి’ అని చెప్పే వెబ్ పేజీలు పాస్‌వర్డులు దొంగిలించేవి. టెర్మినల్ అంటే కమాండ్లు టైపు చేసే యాప్. ఏం చేస్తుందో అర్థం కాని కమాండ్‌కి మీ లాగిన్ పాస్‌వర్డ్ ఎప్పుడూ ఇవ్వకండి. అలాగే బయటినుంచి దించిన యాప్‌ని మ్యాక్ తెరవనంటే, నమ్మకమైన చోటునుంచి వచ్చిందని తేలాకే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీ అడుగున ‘ఓపెన్ ఎనీవే’ నొక్కండి. 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ వెర్షన్ సెకోయా నుంచి కంట్రోల్ నొక్కి తెరిచే పాత దారి మూసేశారు.

ఆన్ కాకపోతే

పవర్ మీట పది సెకన్లు నొక్కి పూర్తిగా ఆర్పండి. తరవాత ఆపిల్ చిప్ మ్యాక్ అయితే ‘లోడింగ్ స్టార్టప్ ఆప్షన్స్’ అని వచ్చేదాకా పవర్ మీట వదలకుండా పట్టుకోండి. డిస్కు బొమ్మ ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుని ‘కంటిన్యూ ఇన్ సేఫ్ మోడ్’ నొక్కండి. ఇంటెల్ అయితే ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ పట్టుకుంటే చాలు. అవసరమైనవి మాత్రమే నడిచే ఈ సేఫ్ మోడ్‌లో బాగా నడుస్తుంటే హార్డ్‌వేర్ బాగానే ఉన్నట్టు అనుకోవచ్చు. ఈమధ్య వేసిన యాంటీవైరస్, వీపీఎన్, ప్రింటర్ డ్రైవర్లని అక్కడే తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి.

సేఫ్ మోడ్ కూడా రాకపోతే మరమ్మతు పనిముట్లుండే రికవరీ. ఆపిల్ చిప్‌లో అదే తెర మీద ‘ఆప్షన్స్’, ఇంటెల్‌లో ఆన్ చేస్తూ కమాండ్-ఆర్. డిస్క్ యుటిలిటీ తెరిచి వ్యూలో ‘షో ఆల్ డివైసెస్’ నొక్కండి. డిస్కు తప్పులు సరిచేసే ఫస్ట్ ఎయిడ్‌ని కిందనుంచి పైకి నడపాలి: ముందు వాల్యూములు ఒక్కొక్కటిగా, తరవాత వాటిని పట్టి ఉంచే కంటైనర్, చివర్లో డిస్కు. తప్పులు సరిచేయలేనని అది చెబితే ఇక ఆ డిస్కు మీద ఏమీ రాయకుండా బ్యాకప్ వైపు చూడండి. సరిచేశానంటే రీస్టార్ట్ చేసి చూసి, అప్పటికీ లేవకపోతే ‘రీఇన్‌స్టాల్ మ్యాక్‌ఓఎస్’ ఎంచుకోవచ్చు. ఇది మీ ఫైళ్లను చెరపదు కానీ, 12 జీబీకి పైగా దించుకోవచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌తో మొదలుపెడితే ఆ రోజు డేటా మధ్యలో అయిపోయి అక్కడే నిలబడుతుంది. ఫైబర్ ఉన్న ఇంటికి తీసుకెళ్లి చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే, లేదా నీళ్లు, టీ పడి ఉంటే, అప్పుడు సర్వీసు సెంటరే దారి. తడిసిన మిషన్‌ని బియ్యంలో పెట్టకండి, ఆన్ చేసి చూడకండి, చార్జర్ గుచ్చకండి. వెళ్లేటప్పుడు చార్జర్, కేబుల్, బిల్లు పట్టుకెళ్లండి. మీ ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. మరమ్మతుకి ముందు ‘ఫైండ్ మై’ (పోయిన మ్యాక్‌ని వెతికే ఏర్పాటు) ఆపమంటారు, ఆ పాస్‌వర్డ్ లేకపోతే ఆపలేరు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి కూడా ఇదే గండం. డబ్బిచ్చే ముందు అమ్మేవాళ్ల చేతే ‘ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్’ చేయించి, నెట్ కలిపి కొత్త సెటప్ చివరిదాకా నడపండి. పాత యజమాని ఐడీ అడిగినా, ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అన్న తెర వచ్చినా వదిలేయండి. రెండోది వస్తే అది ఏదో సంస్థ నిర్వహణలో ఉన్న మిషన్. ఇంటెల్ మ్యాక్ అయితే ధర గట్టిగా తగ్గించి అడగండి. మ్యాక్‌ఓఎస్ 26 వాటికి వచ్చే చివరి వెర్షన్ అని ఆపిల్ 2025లోనే ప్రకటించింది.

నెట్ సరిగా రాకపోతే

ఆప్షన్ పట్టుకుని వైఫై గుర్తు నొక్కండి. ‘ఆర్‌ఎస్‌ఎస్‌ఐ’ (సిగ్నల్ బలం) అంకె మైనస్ 50 దగ్గర ఉంటే సిగ్నల్ బాగుంది, మైనస్ 70 దాటితే బలహీనం, మైనస్ 80 అంటే రౌటర్ దగ్గరికి జరగాల్సిందే. అంకె బాగుండి నెట్ మాత్రం రాకపోతే తప్పు రౌటర్‌దో, బయటి లైన్‌దో. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మ్యాక్ చిరునామా) 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ఫైబర్ పెట్టె ఆపి రెండు నిమిషాలాగి ఆన్ చేయండి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి లేచిన మ్యాక్‌లో అన్ని సైట్లూ ‘సురక్షితం కాదు’ అంటుంటే తేదీ చూడండి, అది వెనక్కి పోయి ఉంటుంది.

హాస్టల్, కాలేజీ వైఫైలో ఒకసారి నమోదు చేయించుకున్న మ్యాక్ సెకోయా వేశాక కలవకపోతే, ఆ నెట్‌వర్క్ ‘డీటెయిల్స్’లో ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’ ఆఫ్ చేయండి. కాలేజీ వాళ్ల దగ్గరున్న అడ్రసూ, మ్యాక్ ఇప్పుడు చూపిస్తున్న అడ్రసూ వేరు కావడమే కారణం. ఫోన్ హాట్‌స్పాట్ వాడేటప్పుడు అదే చోట ‘లో డేటా మోడ్’ ఆన్ చేస్తే అప్‌డేట్‌లు, ఫోటోల సింక్ ఆగుతాయి.

పెన్‌డ్రైవ్, తెలుగు అక్షరాలు

విండోస్ వాళ్లిచ్చిన డిస్కులో ఫైళ్లు కనిపిస్తాయి కానీ, కొత్తవి వేయనివ్వదు. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి, మ్యాక్ దాన్ని చదువుతుంది, రాయదు. రెండుచోట్లా వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. ఫ్యాట్32 వద్దు, అందులో 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు. ‘ఎజెక్ట్’ చేయకుండా పీకితే ఎక్స్‌ఫ్యాట్ డిస్కు పాడయ్యే అవకాశం ఎక్కువ.

తెలుగు టైపింగ్‌కి సిస్టమ్ సెట్టింగ్స్, కీబోర్డ్, ‘ఇన్‌పుట్ సోర్సెస్’లో ఎడిట్ నొక్కి తెలుగు చేర్చండి. ‘తెలుగు’ అనేది ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు), ‘తెలుగు – క్వర్టీ’ ఇంగ్లిషు ధ్వనిని బట్టి నడుస్తుంది. కంట్రోల్-స్పేస్‌తో అటూ ఇటూ మారొచ్చు. శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసేవాళ్లకి ఫోటోషాప్, ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంటుని తిట్టకండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో ‘వరల్డ్-రెడీ’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి, ఒత్తులు కిందకి చేరతాయి. పాత అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలు మాత్రం మ్యాక్‌లో అర్థంకాని గుర్తులుగానే వస్తుంది, ఎందుకంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదివే అక్షర పద్ధతి) కాదు. పంపినవాళ్లని యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మనండి, అచ్చుకే అయితే ఫాంటు కలిపిన పీడీఎఫ్ చాలు.

టెండర్లకి, రిటర్నులకి డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు ఆ టోకెన్‌కి మ్యాక్ డ్రైవర్ ఉందో లేదో కొనేముందే అడగండి. ఆపిల్ చిప్ మ్యాకుల్లో విండోస్ వేసుకునే బూట్‌క్యాంప్ లేదు కాబట్టి విండోస్‌ని నేరుగా వేసుకుని గట్టెక్కే వీల్లేదు.

కోడ్ రాసేవాళ్లకి

రాజాం, చింతలవలస, టెక్కలి కాలేజీల పిల్లలకి మొదటి ప్రాజెక్టులోనే ఎదురయ్యేది పోర్ట్ (ప్రోగ్రాం నెట్‌వర్క్‌లో వాడే ద్వారం) 5000. పైథాన్ వెబ్ టూల్ ఫ్లాస్క్ ఆ పోర్టునే వాడుతుంది, 2021లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ మాంటరీ నుంచి మ్యాక్‌లోని ఎయిర్‌ప్లే రిసీవర్ (వేరే ఆపిల్ పరికరాల వీడియో, పాటలు అందుకునేది) కూడా అక్కడే కూర్చుంటుంది. పోర్ట్ వాడుకలో ఉందని తప్పు చూపిస్తుంది, లేదా బ్రౌజర్‌లో 403 వస్తుంది. సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, ‘ఎయిర్‌డ్రాప్ అండ్ హ్యాండాఫ్’లో ఎయిర్‌ప్లే రిసీవర్ ఆపండి. లేదా 5001 వాడండి, ఇదే సులువు.

మ్యాక్‌ఓఎస్ అప్‌గ్రేడ్ తరవాత గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్) కూడా పలకకుండా ‘ఇన్‌వాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్’ అంటే కమాండ్ లైన్ టూల్స్ పోయాయి. ‘ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్’ (xcode-select --install) కమాండ్ ఇస్తే మళ్లీ వస్తాయి. పాత ట్యుటోరియల్ చూసి పాత్‌ని బ్యాష్ ప్రొఫైల్‌లో రాస్తే పనిచేయదు. 2019 కాటలీనా నుంచి కొత్త ఖాతాల్లో షెల్ (కమాండ్లు అందుకునే ప్రోగ్రాం) జెడ్‌షెల్, అది చదివేది జెడ్‌షెల్ ఆర్‌సీ (.zshrc) ఫైలు.

ఇంటెల్ మ్యాక్ నుంచి మైగ్రేషన్ అసిస్టెంట్‌తో ఎం-చిప్‌కి మారినవాళ్ల దగ్గర కోడింగ్ టూల్స్ వేసే హోమ్‌బ్రూ రెండుచోట్ల ఉండటం చూస్తుంటాం. పాతది యూజర్ లోకల్‌ (/usr/local)లో, కొత్తది ఆప్ట్ లోపలి హోమ్‌బ్రూ ఫోల్డర్‌ (/opt/homebrew)లో. పాతదే ముందు దొరికితే ప్రతి టూలూ రోసెటా (ఇంటెల్ ప్రోగ్రాంలని ఆపిల్ చిప్ మీద నడిపే ఏర్పాటు) మీద నెమ్మదిగా నడుస్తుంది, లైబ్రరీలు ఒకదానికొకటి అతకవు. యాక్టివిటీ మానిటర్‌లో ‘కైండ్’ గడి చూడండి. పైథాన్, నోడ్ పక్కన ఇంటెల్ అని ఉంటే ఇదే తంటా. ఉన్న ప్యాకేజీల జాబితా రాసుకుని, పాత హోమ్‌బ్రూ తీసేసి, కొత్తగా వేసుకోవడమే శుభ్రమైన దారి. టెర్మినల్ యాప్ ‘గెట్ ఇన్ఫో’లో ‘ఓపెన్ యూజింగ్ రోసెటా’ టిక్కు ఉంటే అదీ తీసేయండి.

ఆపిల్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ వాడేవాళ్ల జాగా మింగేది డిరైవ్డ్ డేటా (బిల్డ్‌లో మధ్యలో తయారయ్యే ఫైళ్లు), పాత సిమ్యులేటర్లు. డిరైవ్డ్ డేటా ఫోల్డర్ మొత్తం చెరిపేయొచ్చు, తరవాతి బిల్డ్ మాత్రం నిదానంగా అవుతుంది. సిమ్యులేటర్లని ఎక్స్‌కోడ్ సెట్టింగ్స్‌లోంచే తీయండి.

చివరిగా, మ్యాక్‌లో చక్కగా నడిచిన ప్రాజెక్టు లినక్స్ సర్వర్‌లో ‘ఫైలు దొరకలేదు’ అంటే పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలు సరిచూడండి. మ్యాక్ డిస్కు మామూలుగా ఆ తేడా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. గిట్‌లో పేరు మార్చేటప్పుడు ఫైండర్‌లో కాకుండా ‘గిట్ ఎంవీ’ కమాండ్‌తో మార్చండి. లేకపోతే మీ దగ్గర పేరు మారినట్టు కనిపిస్తుంది, సర్వర్‌కి మాత్రం పాత పేరే వెళ్తుంది.